గుంతను తీయాలా, గుంతలోంచి వచ్చిన రాయిని తీయాలా? నెల్లూరు, ప్రకాశం ఫొటోగ్రాఫర్లకు ల్యాండ్‌స్కేప్, స్టిల్ లైఫ్ పోలిక

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ను రెండు చోట్ల ఫొటో తీయొచ్చు. ఒకటి క్వారీ దగ్గర: మెట్లుమెట్లుగా కోసుకుంటూ పోయిన నల్లటి గోడలు, అడుగున ఊరిన నీళ్లు, పక్కనే గుట్టలుగా పడేసిన వేస్టు రాళ్లు. రెండోది మన వంటింట్లో: స్టవ్ కింద గట్టు, దాని మీద బోర్లించిన గిన్నెలు. రెండు ఫొటోల్లోనూ ఉన్నది ఒకే రాయి. మొదటిది ల్యాండ్‌స్కేప్, అంటే నేలనూ పరిసరాలనూ చూపించే ఫొటో. రెండోది స్టిల్ లైఫ్, అంటే కదలని వస్తువులను దగ్గరగా చూపించే ఫొటో. మనిషి ప్రకృతిని ఏం చేస్తున్నాడో ఫొటోల్లో చెప్పాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఈ రెండింటిలో ఏ దారి పట్టాలన్నదే. ఏ కెమెరా, ఏ లెన్సు అన్నవి ఆ తర్వాతి మాటలు.

రెండూ తీయండి అని చెప్పేస్తే నాకు సులువు, మీకు ఉపయోగం లేదు. ఆదివారం తప్ప తీరిక దొరకనివాళ్లు రెండు దారుల్లోనూ తలా కాస్త నడిచి, చివరికి రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. ఒక ఏడాది పట్టుకుని కూర్చోవడానికి ఒక పద్ధతి ఎంచుకోవాలి.

నా లెక్క ఇది. నష్టం జరిగినచోటే కదలకుండా ఉండి, ఎంత మేర జరిగిందన్నదే అసలు సంగతి అయితే ల్యాండ్‌స్కేప్ తీయండి. నష్టం వస్తువు రూపంలో చేతులు మారుతూనో, నీళ్లలో కొట్టుకొస్తూనో మన గడప దాకా వచ్చే రకమైతే స్టిల్ లైఫ్ తీయండి. ఎంత పోయిందో ల్యాండ్‌స్కేప్ చూపిస్తుంది. ఎవరి వాడకం కోసం పోయిందో చూపించాలంటే వస్తువును దగ్గరికి తెచ్చుకోక తప్పదు.

కొలత చూపించాలంటే ల్యాండ్‌స్కేప్

1975లో అమెరికాలోని రోచెస్టర్‌లో, జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్‌లో ‘న్యూ టోపోగ్రఫిక్స్’ అనే ఫొటో ప్రదర్శన పెట్టారు. అప్పటిదాకా ల్యాండ్‌స్కేప్ అనగానే చాలామందికి అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసినట్టు మనిషి జాడ లేని కొండలూ లోయలూ గుర్తొచ్చేవి. ఈ ప్రదర్శనలో రాబర్ట్ ఆడమ్స్, లూయిస్ బాల్ట్జ్ లాంటివాళ్లు కొత్తగా లేచిన కాలనీలు, ఫ్యాక్టరీ గోడలు చూపించారు. ఫొటోల్లో ఆర్భాటం లేదు, తిట్టూ లేదు. సర్వేయరు కొలిచినట్టు నింపాదిగా తీశారు. తర్వాతి తరంలో కెనడాకు చెందిన ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ అమెరికాలోని వెర్మాంట్, ఇటలీలోని కరారా రాతి క్వారీలను పెద్ద కెమెరాతో తీసి, గోడంత ప్రింట్లు వేశాడు. ఆ ప్రింట్లలో మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. వెతికి పట్టుకున్నాక గాని క్వారీ ఎంత పెద్దదో బుర్రకెక్కదు.

చీమకుర్తికి ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. మూడు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిది, ఫ్రేములో కొలతకు ఏదో ఒకటి ఉండాలి: లారీ, నిచ్చెన, హెల్మెట్ పెట్టుకున్న కూలీ. అది లేకపోతే రెండొందల అడుగుల గోడ కూడా మురుగుకాలువ గోడలాగే కనిపిస్తుంది. రెండోది, పెద్ద గుంత కదా అని వైడ్ లెన్సు తగిలించకండి. వైడ్‌లో దగ్గరి రాయి ఉబ్బుతుంది, ఎదుటి గోడ కుంచించుకుపోతుంది. 70–200 మి.మీ. లాంటి టెలిఫొటో లెన్సుతో ఎదుటి అంచును దగ్గరికి లాక్కుంటే మెట్లన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు వస్తాయి, లోతు తెలుస్తుంది. మూడోది వెలుతురు. పొద్దున తొమ్మిదింటికి క్వారీలో సగం గాఢమైన నీడ. మిట్టమధ్యాహ్నం ఎండ నిట్టనిలువునా దిగితేనే అడుగు కనిపిస్తుంది. ఫొటోగ్రఫీ పాఠాలన్నీ మధ్యాహ్నం కెమెరా బయటికి తీయొద్దంటాయి. ఇక్కడ ఆ పాఠం పనికిరాదు.

మార్కాపురం పలకల గనుల దగ్గర మాత్రం ఇదంతా తిరగబడుతుంది. పలకరాయి పొరలుపొరలుగా ఉంటుంది. ఆ పొరలు తేలాలంటే ఎండ పక్కనుంచి, ఏటవాలుగా పడాలి. కాబట్టి అక్కడికి పొద్దున్నే వెళ్లాలి, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత. బడిపిల్లల చేతుల్లో పలకలు తగ్గిపోయినా వాటికోసం తవ్విన చోట్లు అలాగే ఉన్నాయి. ముక్కలు పారబోసిన దిబ్బలు ఎత్తు తక్కువే. నేలమీద మోకాళ్లేసి, కింది నుంచి తీస్తే ఆకాశానికి అడ్డంగా నిలుస్తాయి.

ల్యాండ్‌స్కేప్‌లో నాకు భయం వేసేది ఒక్కటే: అందం. కృష్ణపట్నం వైపు, ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు. సూర్యాస్తమయం వేళ ఆ చిమ్నీల వెనక ఆకాశం కుంకుమరంగులో మండిపోతుంటే తీయకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. తీయండి, ఫోన్లో వాల్‌పేపరుగా పెట్టుకోండి. కానీ అది బొగ్గు గురించి చెప్పే ఫొటో కాదు, ఆకాశం గురించి చెప్పే ఫొటో. బర్టిన్‌స్కీ మీద కూడా విమర్శకులు ఇదే మాట అంటుంటారు: నాశనం ఇంత అందంగా ఉంటే ఎవరికి కోపం వస్తుంది అని. ఆయన ప్రింటు ముందు జనం ఆగి నిలబడతారు, అది ఆయన బలం. మన ఫొటో ఫోన్ తెరమీద రెండు క్షణాల్లో పైకి జారిపోతుంది. అందుకని మనకు ఆ వెసులుబాటు తక్కువ. మబ్బు పట్టిన రోజునో, గాలికి బూడిద లేచే మధ్యాహ్నం పూటో వెళ్లండి.

ఇంకో మాట. మనిషి చేసిన మార్పంతా నష్టమే అనుకోకూడదు. కంభం చెరువు విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి సృష్టించింది. ఎవరైనా ఆ ఫొటో చూసి ప్రకృతి ఎంత బాగుందో అంటారు. అక్కడున్నది మనిషి పనే. బకింగ్‌హాం కాలువ కూడా అంతే. 1876–78 కరువులో కూలి పనిగా దాన్ని తవ్వించి పొడిగించారు, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయి, సర్కారు తుమ్మ కమ్ముకుని సహజమైన వాగులా ఉంటుంది. ఆ సర్కారు తుమ్మ కూడా బయటి నుంచి తెచ్చి నాటిందే. ఫొటోలో అది పచ్చగానే కనిపిస్తుంది, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆకు చెప్పదు. ఇలాంటి సంగతుల్లో ల్యాండ్‌స్కేప్ ఒంటరిగా నెగ్గుకు రాలేదు. కింద నాలుగు మాటలు రాయాలి.

ల్యాండ్‌స్కేప్ ఎంచుకున్నవాళ్లకు నేనిచ్చే గట్టి సలహా ఒకే చోట నుంచి మళ్లీమళ్లీ తీయమని. నరసింహకొండ మీద వేదగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర నిలబడితే కింద పెన్నా పరుచుకుని ఉంటుంది. అక్కడ ఒక రాయిని గుర్తుపెట్టుకోండి. అదే రాయి, అదే లెన్సు, అదే ఎత్తు. వేసవిలో ఇసుక మీద ట్రాక్టర్ల చాళ్లు ఎటు పోతున్నాయో తీయండి. ఈశాన్య రుతుపవనాలకు పెన్నా మీది సోమశిల జలాశయం నుంచి నీళ్లు వదిలాక మళ్లీ తీయండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, ఏడాదిని జనవరితో కాకుండా సెప్టెంబరు చివరితో మొదలుపెడితే ముందూ వెనకా రెండూ దొరుకుతాయి. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారీ, రైలు పట్టాలూ కోసుకుపోయాయి. అలాంటి ఏడాది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, ముందు తీసిన ఫొటో చేతిలో ఉన్నవాడికే ఆ తర్వాతి ఫొటోకు విలువ. బయల్దేరే ముందు గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు తిరగేస్తే ఎక్కడ నిలబడాలో కూడా తెలుస్తుంది.

తీరంలో ల్యాండ్‌స్కేప్‌కు ఎత్తు దొరకదు

కొండ ఉన్నచోట సరే. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు వెళ్తే నేల చాపలా పరుచుకుని ఉంటుంది. రొయ్యల గుంట కట్ట మీద నిలబడి ఫొటో తీస్తే వచ్చేది ఒక నీటి చార, ఒక కట్ట, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు నాలుగు, బోలెడు ఆకాశం. చూసేవాడికి చెరువులాగే ఉంటుంది. పైనుంచి చూస్తేనే గళ్లుగళ్లుగా కోసిన నేల, మధ్యలో ఇరుక్కుపోయిన వరి మడి తెలుస్తాయి. అంటే డ్రోన్ లేకపోతే మన తీరంలో ఈ విషయం మీద ల్యాండ్‌స్కేప్ దాదాపు ఓడిపోయినట్టే.

డ్రోన్ ఉందా, 2021 డ్రోన్ నియమాలు ఒకసారి చదవండి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు కిలోల లోపు మైక్రో డ్రోన్‌కు కూడా వ్యాపారం కోసం కాకపోతే అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా పైకి లేపకూడదు. శ్రీహరికోట ఉన్న తీరమిది, ఓడరేవులూ విద్యుత్ కేంద్రాలూ ఉన్న తీరమిది. ఏ ఊరు ఏ రంగులో ఉందో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాపులో చూడకుండా వెళ్తే ఫొటోలకు బదులు సంజాయిషీలు మిగులుతాయి. డ్రోన్ లేనివాళ్లకు ఫ్లైఓవర్లు, వాగుల మీది వంతెనలు, అడిగి ఎక్కగలిగిన డాబాలు ఉన్నాయి. వాటర్ ట్యాంకు నిచ్చెనలు ఎక్కే పని మాత్రం పెట్టుకోకండి.

డ్రోన్ లేకపోయినా కట్ట మీద నుంచి తీయగలిగే ఒకే ఒక్క ల్యాండ్‌స్కేప్ వదిలేసిన గుంటలు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వెర్రి, ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చల తెగులు, 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009 నుంచి వెనామీ రకం రొయ్య. ఈ ఎత్తుపల్లాల్లో ఎక్కడో ఒకచోట చేతులు కాలి వదిలేసిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎండిన అడుగు బీటలు వారి, అంచుల్లో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. అక్కడ నేలను నేలగానే, తలవంచి తీస్తే సరిపోతుంది. ఆకాశం అక్కర్లేదు.

స్టిల్ లైఫ్: చెత్త బల్ల ఎక్కితే

స్టిల్ లైఫ్ అనగానే పళ్లూ పూలూ గుర్తొస్తాయి. 1972లో అర్వింగ్ పెన్ అనే ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ న్యూయార్క్ వీధుల్లో తొక్కి పారేసిన సిగరెట్ పీకలు ఏరుకొచ్చి, స్టూడియోలో పెట్టి, పెద్ద ప్లాటినం ప్రింట్లు వేశాడు. 1975లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో అవి గోడకెక్కాయి. కాలి కింద నలిగే వస్తువును కంటి ఎత్తుకు తెస్తే చూసేవాడు తప్పించుకోలేడని ఆ ఫొటోలు చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు బ్రిటన్‌కు చెందిన మ్యాండీ బార్కర్ సముద్రంలోంచి తీసిన ప్లాస్టిక్‌ను నల్లటి నేపథ్యం మీద తీస్తున్నారు. మొదటి చూపులో నక్షత్రాల్లా, చేపల గుంపుల్లా ఉంటాయి. పక్కన రాసింది చదివాక ఒళ్లు జలదరిస్తుంది.

వీటి పక్కన అమెరికన్ ఫొటోగ్రాఫర్ క్రిస్ జోర్డన్ పనిని పెట్టి చూడాలి. పసిఫిక్ మధ్యలో మిడ్‌వే దీవి మీద, కడుపు నిండా ప్లాస్టిక్‌తో చచ్చిపోయిన ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి పిల్లలను ఆయన ఫొటోలు తీశాడు. పడి ఉన్నవి పడి ఉన్నట్టే తీశానని, ఒక్క ముక్క కూడా కదపలేదని స్పష్టంగా చెప్పాడు. స్టిల్ లైఫ్ ఎంచుకునేవాళ్లు మొదటిరోజే తేల్చుకోవాల్సింది ఇదే: తెచ్చి పేరుస్తారా, ఉన్నది ఉన్నట్టు తీస్తారా? రెండూ న్యాయమే. పేర్చింది పేర్చినట్టు కనిపించాలి, అంతే. మైపాడు ఇసుక మీద దొరికిన వల ముక్కను ఇంకాస్త బాగా కనిపిస్తుందని చచ్చిన పీత పక్కకు జరిపి, దొరికినట్టు తీశామంటే అది అబద్ధం. అదే ముక్కను ఇంటికి తెచ్చి నల్లగుడ్డ మీద పరిచి తీస్తే ఎవరూ మోసపోరు.

నాకు ఇలా ఇంటికి తెచ్చి పేర్చి తీయడమే నచ్చుతుంది. దానికి స్టూడియో అక్కర్లేదు. ఉత్తరం వైపు కిటికీ, దాని పక్కన బల్ల, ఎదురుగా నీడను తేలిక చేయడానికి ఒక థర్మకోల్ షీటు, కింద ఇస్త్రీ చేసిన నల్లగుడ్డ. ఫోన్‌తో తీసేవాళ్లు మామూలు లెన్సుతో వస్తువు మీదకు వంగితే అంచులు సాగిపోతాయి. 2ఎక్స్ పెట్టి ఒక అడుగు వెనక్కి జరగండి. కెమెరా ఉంటే పాత 50 మి.మీ. లెన్సు, ఎపర్చరు ఎఫ్/8, ట్రైపాడ్. వస్తువుల మధ్య ఖాళీ సమానంగా పెట్టాలన్న తాపత్రయం వద్దు, మ్యూజియం అల్మరాలా తయారవుతుంది.

ఒక్కో వస్తువుది ఒక్కో పేచీ. పాలిష్ చేసిన గెలాక్సీ పలకను మెత్తటి కిటికీ వెలుతురులో తీస్తే నల్లటి అట్టలా వస్తుంది. దానిలోని బంగారు చుక్కలు, అంటే బ్రోంజైట్ స్ఫటికాలు, మెరవాలంటే ఒక్క దిక్కునుంచి సూటిగా పడే చిన్న వెలుతురు కావాలి. నేరుగా పడే ఎండైనా సరే, టార్చి అయినా సరే. పైగా ఆ పలకలో మీ ముఖమే కనిపిస్తుంది. కెమెరాకు ముందు నల్లగుడ్డ కట్టి, లెన్సు పట్టేంత రంధ్రం చేసుకోండి. నల్లవస్తువును చూస్తే కెమెరా కంగారుపడి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది కాబట్టి ఒకటిన్నర స్టాపు తగ్గించాలి.

సైదాపురం, గూడూరు చుట్టుపక్కల పాత మైకా గనుల దగ్గర దొరికే కాకిబంగారం రేకు ఇంకో రకం. ముందునుంచి వెలుతురు కొడితే అద్దంలా తళుక్కుమంటుంది, తప్ప ఏమీ తెలియదు. వెనకనుంచి వెలుతురు పంపిస్తే లేతాకుపచ్చ రంగు, పొరల్లో చిక్కిన మచ్చలు, విరిగిన అంచులు బయటపడతాయి. లాప్‌టాప్ ఎల్‌సీడీ తెరను తెల్లగా వెలిగించి, దాని ముందు రేకు పెట్టి, లెన్సుకు పోలరైజరు ఫిల్టరు తగిలించి తిప్పి చూడండి. తెర నల్లబడిన క్షణాన రేకులో ఇంద్రధనుస్సు రంగులు పుట్టుకొస్తాయి. మైకాలో కాంతి రెండుగా చీలడం వల్ల వచ్చే రంగులవి. చూడముచ్చటగా ఉంటాయి, సాయంత్రం గడిచిపోతుంది. కానీ ఆ ఫొటోలో గనీ లేదు, కూలీ లేడు, తవ్వి వదిలేసిన పలుగురాళ్ల దిబ్బా లేదు. థర్మల్ చిమ్నీ వెనక సూర్యాస్తమయానికి ఇది తమ్ముడు.

ఏరుకొచ్చే ముందు చట్టం కూడా తెలుసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. వలల్లో చిక్కి చచ్చినవి కొట్టుకొస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆ తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది. డొప్పను గాని, గుడ్డు పెంకును గాని ఫొటో కోసం ఇంటికి తెచ్చుకోవడం నేరం. కొన్ని గవ్వలకూ, పగడాలకూ కూడా ఆ రక్షణ ఉంది. కాబట్టి ప్లాస్టిక్, తాడు, వల, థర్మకోల్ బెండ్లు, సీసాలు ఎన్నైనా తెచ్చుకోండి, ప్రాణి శరీరం మాత్రం పడినచోటే తీసి, అటవీశాఖ వాళ్లకు కబురు చేయండి. అక్కడ మీ పని క్రిస్ జోర్డన్ పద్ధతే.

ఏ విషయానికి ఏది

చీమకుర్తి, మార్కాపురం, పెన్నా ఇసుక: ల్యాండ్‌స్కేప్. వీటి గురించి పైన చెప్పేశాను. ఇసుక దగ్గర ఒక్క జాగ్రత్త: లారీ నంబర్లు, డ్రైవర్ల ముఖాలు దగ్గరగా తీయడం వేరే వృత్తి, అది విలేఖరులకు వదిలేయండి. మన విషయం నది. కొండ మీద నుంచి తీసినా నది దొరుకుతుంది.

తీరంలో ప్లాస్టిక్: సందేహం లేకుండా స్టిల్ లైఫ్. కొత్తపట్నం, మైపాడు, తుమ్మలపెంట ఏ బీచికి వెళ్లినా చెత్త పరుచుకున్న ఫొటో ఒకేలా ఉంటుంది. ఏ దేశపు బీచి అన్నా నమ్ముతారు. బల్లమీద పెట్టిన పాల ప్యాకెట్ మీద తెలుగు అక్షరాలు కనిపిస్తే నమ్మడం కాదు, గుర్తుపడతారు. నీలం నైలాన్ వల ముక్కలు తీసేముందు ఆ పాలెంలో పెద్దవాళ్లతో కాసేపు కూర్చోండి. ఏ వల ఏ చేపకు, ఎందుకు తెగుతుంది, తెగింది ఎక్కడికి పోతుందన్నది వాళ్లే చెబుతారు. ఆ మాటలు లేకుండా వల ముక్కను గోడకెక్కిస్తే నేరమంతా జాలరి మీదకు పోతుంది. మన షాంపూ ప్యాకెట్లు ఎక్కడికీ పోలేదు, అదే ఇసుకలో ఉన్నాయి.

రొయ్యల సాగు: డ్రోన్ ఉంటే ల్యాండ్‌స్కేప్, లేకపోతే స్టిల్ లైఫ్. నన్నడిగితే డ్రోన్ ఉన్నా స్టిల్ లైఫే మేలు. వెనామీ పంట మూడు, నాలుగు నెలల్లో చేతికొస్తుంది. తెలిసిన రైతు ఎవరైనా ఉంటే ఒక్క గుంటకు ఒక పంటలో ఖాళీ అయినవన్నీ దాచమనండి: మేత సంచులు, ప్రోబయోటిక్ డబ్బాలు, సున్నం సంచులు, మందు సీసాలు, విరిగిన ఏరియేటరు రెక్క, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే చిరిగింది. పట్టుబడి అయిన రోజు అన్నీ కట్టమీద వరసగా పేర్చి, చివర్లో ఒకే ఒక్క రొయ్యను పెట్టి తీయండి. రైతును దోషిగా నిలబెట్టే ఫొటో కాకూడదు. ధర పడిపోయిన ఏడాది ఆ డబ్బాల బిల్లు కట్టలేక కుదేలయ్యేది ఆయనే. పేరు, ఊరు వేయాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి.

బూడిద: ఇదొక్కటీ నేను చాలాసేపు తేల్చుకోలేకపోయాను. బూడిద చెరువు ల్యాండ్‌స్కేప్‌గా గొప్పగా ఉంటుంది, కానీ లోపలికి అనుమతి దొరకడం కష్టం. బయట కంచె నుంచి తీస్తే కంచే వస్తుంది. ఆ బూడిదతో చేసిన ఇటుక మాత్రం జిల్లాలో ఎక్కడైనా దొరుకుతుంది. ఒక బూడిద ఇటుకా, ఒక మట్టి ఇటుకా పక్కపక్కన పెట్టి తీస్తే రెండు ప్రశ్నలు లేస్తాయి. మట్టి ఇటుక చెరువు మన్నును తింటుంది, బూడిద ఇటుక బొగ్గు చెత్తను కాస్తయినా వాడకంలోకి తెస్తుంది. మంచీ చెడ్డా అంత తేలిగ్గా విడదీయలేని విషయం కాబట్టే ఇది మంచి స్టిల్ లైఫ్.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు: రెండు పద్ధతులకూ లొంగని విషయం. గ్లాసులో నీళ్లు తేటగానే ఉంటాయి, ఊరు ఊరిలాగే ఉంటుంది. ఆ నీళ్లు తాగి వంకర తిరిగిన కాళ్లను తీయడమే దారి అనుకునేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. వాళ్ల నొప్పి మన ఫొటోకు ఆధారం కాకూడదు. ఇంటి ముందు వరసగా పెట్టిన 20 లీటర్ల నీళ్ల క్యాన్లు, పక్కన వాడకుండా వదిలేసిన చేతిపంపు. నాకు తోచిన దారి అదే, అదీ స్టిల్ లైఫే.

ఖర్చు, తీరిక, తిప్పలు

పెట్రోలు, ఎండ, అనుమతి: ల్యాండ్‌స్కేప్‌కు మూడూ కావాలి. క్వారీలు లీజు భూములు. పేలుళ్ల వేళలుంటాయి, అంచులు విరిగిపడతాయి. మేనేజరును అడిగి, వాళ్లు చూపించిన చోటే నిలబడాలి. అడిగితే కాదంటారనుకుంటాం గాని, మర్యాదగా అడిగి, తీసిన ఫొటో ఒకటి ప్రింటు వేసి ఇస్తానంటే ఒప్పుకునేవాళ్లూ ఉంటారు. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండలో ట్రైపాడ్ మోయడం అంటే ఏమిటో ఈ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే మీరు ఏది ఎంచుకున్నా, ఏప్రిల్ నుంచి జూన్ దాకా స్టిల్ లైఫ్‌కు, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ల్యాండ్‌స్కేప్‌కు ఎక్కువ అనువు అన్నది వాతావరణం దానంతటదే వేసిచ్చే కాలపట్టిక.

పెళ్లి ఫొటోగ్రాఫర్లకు స్టిల్ లైఫ్ నల్లేరు మీద నడక. మూఢాల్లో, ఆషాఢంలో లైట్లూ సాఫ్ట్‌బాక్సులూ మూల పడి ఉంటాయి. నగలు తీసిన చేతికి మైకా రేకు లెక్క కాదు. కాలేజీ పిల్లలు, ఫోన్ తప్ప ఏమీ లేనివాళ్లు కూడా ఇటే రండి. ఉద్యోగరీత్యా జిల్లా అంతా తిరిగేవాళ్లు, అంటే మెడికల్ రిప్రజెంటేటివ్‌లు, సర్వే పనివాళ్లు, మేత కంపెనీల ఏజెంట్లు ల్యాండ్‌స్కేప్ తీసుకోండి. దారి ఖర్చు ఎలాగూ పెడుతున్నారు, ఒకే చోటుకు మళ్లీమళ్లీ వెళ్లే అవకాశం మీకే ఉంది.

రెంటినీ కలిపి జంట ఫొటోలు చేయడం, ఎడమవైపు క్వారీ, కుడివైపు వంటింటి గట్టు అన్నట్టు, వినడానికి బాగుంటుంది. మొదటి ఏడాది వద్దు. జంట పెట్టగానే చూసేవాడు రెండు ఫొటోలనూ చూడటం మానేసి వాటి మధ్య పొడుపుకథ విప్పుతాడు. విప్పాక పేజీ తిప్పేస్తాడు. విడిగా నిలబడగలిగిన ఫొటోలు రెండు వైపులా కూడాక రెండో ఏడాది ప్రయత్నించండి. అప్పుడు కూడా అన్నీ జంటలుగా కాదు, ఎక్కడో ఒకటి.

ఫొటో కింద రాత విషయంలో ఎంచుకునే పద్ధతిని బట్టి తేడా ఉంటుంది. ల్యాండ్‌స్కేప్‌కు ఊరు, నెల, సంవత్సరం, ఏ దిక్కుకు తిరిగి తీశారు అన్నవి చాలు. పదేళ్ల తర్వాత అదే చోటు వెతుక్కునేవాడికి అవే పనికొస్తాయి. స్టిల్ లైఫ్‌కు వస్తువు పేరు, దొరికిన చోటు, ఎవరిచ్చారు, పేర్చి తీశారా పడి ఉన్నట్టే తీశారా అన్నది రాయాలి. ‘ప్రకృతి ఆక్రందన’, ‘కన్నీటి పెన్నా’ లాంటి పేర్లు పెట్టాలనిపిస్తే ఫైలు అలాగే ఉంచి, మర్నాడు పొద్దున పేరు పెట్టండి.